మిరుగానికి కట్టని దడి

స్కూళ్లు తెరిచిన రెండో రోజున మా పెరటి దడి పడిపోయింది. మధ్యాహ్నం మూడున్నరకు నేను ఇంటికి వచ్చేసరికి పదకొండు రేకుల్లో నాలుగు మా వైపు బోర్లా పడి ఉన్నాయి. వాటి కింద మా ఇంట్లో బట్టలుతికే బండ ఉంది. దడికి అవతలి సందులో ఒక టెంపో ఆగి ఉంది. ఇద్దరు మనుషులు దాని మీంచి నూలు చుట్టిన భీములు దింపి పక్కింటి కార్ఖానాలోకి దొర్లిస్తున్నారు. టెంపో వెనక కొసకూ దడి గుంజకూ మధ్య జానెడు ఎడం.

ఆ కార్ఖానా బుచ్చిరాములుది. ఎనిమిది సాంచాలు. భివండీలోని మా పద్మనగర్‌లో ఎనిమిది మరమగ్గాలున్నవాణ్ని ఎవరూ సేఠ్ అనరు. కూలీ అని కూడా అనరు. ఆయన ఇల్లూ కార్ఖానా ఒకే కప్పు కింద ఉంటాయి. సందుకు ఇవతల మా ఇల్లు. రెండింటికీ మధ్య ఇరవై రెండేళ్లుగా ఆ రేకుల దడి.

"దడి పడింది," అన్నాను.

బుచ్చిరాములు చేతులకంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. "సూసిన సార్. గాలికి వడ్డది. గిప్పుడే, టెంపో రాంగ."

"టెంపో తగిలిందా?"

"తాకలే సార్. డ్రైవర్‌నే అడుగు. గాలి లేచింది, వడ్డది. గంతే."

"ఇరవై రెండేళ్లు లేవని గాలి ఇవాళ లేచిందా?"

ఆయన గుడ్డను భుజాన వేసుకున్నాడు. "పది రోజులు ఆగు సార్. మాల్ అర్జంటుంది. నేనే నిలవెట్టిస్త," అని లోపలికి పోయాడు.

నా భార్య రాజమణి చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను. దడి సంగతి ఆమే చూసుకునేది. ఏం చూసుకునేదో నాకు తెలియదు. అది నిలబడి ఉండేది, నేను స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేవాణ్ని.

పది రోజులు ఇరవై అయ్యాయి. రేకులను నేనే పక్కకు లాగి గోడకు ఆనించాను. దడి తెరుచుకున్న చోటు నుంచి సాంచాల చప్పుడు నేరుగా వంటింట్లోకి వచ్చేది. చప్పుడుతో పాటు దూది పొట్టు. రోజూ ఉదయం రాజమణి ఫోటో మీద తెల్లగా పొర కట్టి ఉండేది. తుడిచేవాణ్ని. సాయంత్రానికి మళ్లీ కట్టేది. మా అమ్మాయి సోనాలి కాల్హేర్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పని చేస్తుంది. ఏడింటికి వెళ్లి ఏడింటికి వస్తుంది. ఫోటోను లోపలి గదిలో పెడదామంది. వద్దన్నాను.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నేను వచ్చేసరికి కార్ఖానాలో పని చేసే ఒకతను రాజమణి బండ మీద కూర్చుని అన్నం డబ్బా కడుక్కుంటున్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"నమస్తే సార్. నల్లా గిటు దగ్గర అయితదని..." అన్నాడు.

"కడుక్కో," అన్నాను.

కడుక్కుని, నల్లా గట్టిగా కట్టేసి, దడి లేని చోటు నుంచి వెళ్లిపోయాడు. అతను చేసిన తప్పేమీ లేదు. బండ మీద నాలుగు మెతుకులు మిగిలాయి. వాటిని తీసి పారేసి ఇంట్లోకి వెళ్లి కాగితం తీసుకున్నాను.

పద్మనగర్‌లో ఎవరికి మరాఠీ కాగితం వచ్చినా మా ఇంటికి తెచ్చేవారు. రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, కరెంటు బిల్లు. నేను చదివి చెప్పేవాణ్ని, జవాబు రాసి పెట్టేవాణ్ని. బుచ్చిరాములు కార్ఖానాకు కరెంటు కనెక్షన్ దరఖాస్తు రాసింది కూడా నేనే. అందుకే ఏది ఎక్కడ పొడుస్తుందో నాకు తెలుసు. పడిపోయిన దడి గురించి రాస్తే వార్డు ఆఫీసు నుంచి ఎవరూ రారు. మురికి కాలువ మీదికి ఎనిమిది అడుగులు పెంచిన కార్ఖానా గురించి రాస్తే వస్తారు. ఆ ఎనిమిది అడుగులు దరఖాస్తులో చూపించవద్దని ఆ రోజు నేనే బుచ్చిరాములుకు చెప్పాను.

అరకాగితం రాశాను. దడి మాట అందులో ఎక్కడా లేదు. కింద సంతకం చేశాను. మర్నాడు స్కూలుకు వెళ్తూ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు తీసుకుని, మొదటి పీరియడ్‌కు అందుకున్నాను.

*

శుక్రవారాలు భివండీలో సాంచాలు ఆగుతాయి. ఆ ఒక్క రోజు ఇంట్లో మనిషి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మేమంతా అలవాటు కొద్దీ గట్టిగానే మాట్లాడతాం. నోటీసు పట్టుకుని బుచ్చిరాములు వచ్చింది అలాంటి శుక్రవారం సాయంత్రమే. చేతిలో స్టీలు గిన్నె కూడా ఉంది.

"చంద్రవ్వ ఇచ్చింది సార్. చింతచిగురు పప్పు. ఊరికెళ్లి తెచ్చిన్రు ఎవరో." భార్య పంపిన గిన్నెను బల్ల మీద పెట్టి కాగితం నా చేతికిచ్చాడు. "గిది జర సూడు. ముద్ర గిట్ల ఉన్నది. నాకు భయమైతుంది."

చదివాను. స్థానిక నివాసి చేసిన ఫిర్యాదు మేరకు కొలతలు తీసుకుంటారని, పై నెల ఆరో తేదీన విచారణకు హాజరు కావాలని ఉంది. తెలుగులో చెప్పాను. ఒక్క మాట వదిలిపెట్టలేదు.

"స్థానిక నివాసి అంటే ఎవరు సార్?"

"ఇక్కడ ఉండే మనిషి."

"పేరు రాయలేదా?"

"రాయలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికి తొడ మీద చరుచుకున్నాడు. "గా కొస కార్ఖానా గాలయ్యగాడే. నా దగ్గర పనోణ్ని గుంజుకపోయిండు, నేను నలుగుర్ల అడిగిన. గది మనసుల వెట్టుకున్నడు. కాదా సార్?"

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"కాలువ మీద ఎంతమంది కట్టలే సార్! గీ గల్లీల నేనొక్కన్నేనా? ఆ ఎనిమిది అడుగుల్ల నా రెండు సాంచాలున్నయ్. అవి పోతే ఇగ మిగిలేది ఏంది, బిల్లు కట్టుడే." ముందుకు వంగాడు. "నువ్వు జవాబు రాయి. నీ రాత సూస్తే వాళ్లు గూడ జర ఆగుతరు. గది అందరు అంటరు."

రాశాను. గడువు కోరుతూ, పేదరికం చూపిస్తూ, నేను రాయగలిగినంత బాగా రాశాను. ఆయన బొటనవేలికి సిరా రాసుకోబోతే, "సంతకం వచ్చు కదా," అన్నాను. తెలుగులో సంతకం చేశాడు. 'బు'కు కొమ్ము ఇవ్వడం మరిచిపోతే నేను వేలితో చూపించాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "దడి యాది మరువలే సార్. గీ లొల్లి తీరనియ్."

ఆ రోజు పప్పు మేం తిన్నాం. బాగుంది.

*

తర్వాతి సోమవారం గాలయ్య కార్ఖానా ముందు గొడవ అయింది. నేను స్కూలు నుంచి వస్తూ చూశాను. బుచ్చిరాములు గాలయ్య కాలర్ పట్టుకుని ఉన్నాడు. యాభై ఏళ్లు దాటిన ఇద్దరు మనుషులు.

"నేను రాసిన్నా? నాకు రాయొస్తదా? నా పేరే నేను రాసుకోలేను గదనే!" అని గాలయ్య అరుస్తున్నాడు.

"రాపిచ్చినవ్! పైసలిచ్చి రాపిచ్చినవ్!"

"నా పిల్లల మీద ఒట్టు!"

జనం విడదీశారు. గాలయ్య చొక్కా గుండీలు రెండు రోడ్డు మీద పడ్డాయి. ఆయన వంగి వాటిని వెతుక్కుంటున్నాడు. ఎవరో నన్ను చూసి, "సార్ వచ్చిండు, సార్ చెప్పుండ్రి," అన్నారు. 'ఇళ్లకు వెళ్లండి' అన్నాను. అందరూ వెళ్లారు. నా మాట అట్లా వింటారు.

సాయంత్రం సోనాలి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, గాలయ్య కాకను కొట్టిండంట గదా."

"కొట్టలేదు. కాలర్ పట్టుకున్నాడు."

"ఆ తక్రార్ నువ్వే రాసినవ్. నీ బుక్కుల నకలు చూసిన నేను, ముద్ర ఉన్నది." ఆమె గొంతు పెంచలేదు, అందులో వాళ్లమ్మ పోలిక. "అమ్మ పోయినంక మన పొయ్యి వెలగలే. పదకొండు దివస్ చంద్రవ్వ చిన్నమ్మ డబ్బా పంపింది. ఆఠవతే కా నాన్నా?"

గుర్తుందన్నాను.

"మల్ల?"

ఆమె లోపలికి వెళ్లి ఫోటో మీది పొట్టు తుడిచి, పడుకుంది.

*

ఆగస్టు మూడున, విచారణకు మూడు రోజుల ముందు, చంద్రవ్వ మా పెరట్లోకి వచ్చింది. దడి లేని చోటు నుంచి కాకుండా, చుట్టూ తిరిగి మా ముందు తలుపు నుంచే వచ్చింది. చేతిలో పాత చీర ముక్కలో కట్టిన మూట. లోపల బట్ట అంచుల నుంచి కత్తిరించిన పట్టీలు, ఒక్కొక్కటీ మూరన్నర, ఒకే కొలతకు.

"గివి మిరుగానికే కోసి పెట్టిన సార్," అంది. మిరుగమంటే మృగశిర కార్తె, జూన్ మొదట్లో వస్తుంది. "ఇంట్ల ఉంటే చెదలు వడతయ్. నువ్వే ఉంచుకో."

"ఎందుకివి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "దడి కట్టెటందుకు. నీకు తెల్వదా?"

తెలియదన్నాను.

గోడకు ఆనించిన రేకు దగ్గరికి వెళ్లి, అంచున ఉన్న రెండు రంధ్రాలు చూపించింది. "గుంజలు మా దిక్కుంటయ్, రేకులు మీ దిక్కుంటయ్. రాజమణక్క గిటు నుంచి పట్టీ కొస లోపలికి తోస్తది. నేను అటు అందుకొని, గుంజకు సుట్టి, గీ రెండో బొక్కల నుంచి మల్ల తోస్త. అక్క గుంజి ముడి వేస్తది. ప్రతి మిరుగానికి కడుతుంటిమి. పొద్దుగాల కట్టుడు, మద్యాన్నం చాపల కూర."

"మేకులు కొట్టొచ్చు కదా. వైరుతో కట్టొచ్చు."

"సాంచాలు నడిస్తే భూమి అదురుతది సార్. మేకులు ఊడొస్తయ్. వైరు తెగుతది. బట్ట అయితే అదురుతో పాటే ఊగుతది. గాని ఏడాదే ఉంటది. వానకు నాని, ఎండకు ఎండి, మాగిపోతది." మూట బండ మీద పెట్టింది. "ఈసారి మిరుగంనాడు కోసి పెట్టుకొని గీ దడి కాడ నిలవడ్డ. అటు నుంచి ఎవరు తోస్తరు? సావైన ఇంట్ల మొగమనిషిని, నిన్నెట్ల పిలుద్దును? మా ఆయన్ను అడిగితే సాంచాల కాడికెళ్లి లేవడు. ఒక్కదాంతోని కాదు గది."

"టెంపో తగల్లేదా, చంద్రవ్వా?"

"టెంపో వచ్చింది, గాలి వచ్చింది. పాత పట్టీలు సూడు, నీకే తెలుస్తది."

ఆమె వెళ్లాక చూశాను. ఒక రేకుకు ఇంకా వేలాడుతున్న పట్టీని పట్టుకుంటే వేళ్ల మధ్య పొడి అయిపోయింది. ముడి మాత్రం మిగిలింది. చిన్నగా, గట్టిగా, రేగుపండు గింజంత. దాన్ని విప్పడానికి ప్రయత్నించాను, రాలేదు. జేబులో వేసుకున్నాను.

అప్పుడే వెళ్లి బుచ్చిరాములుకు చెప్పి ఉండాల్సింది. మూడు రోజులున్నాయి. మూడు రోజులూ సరైన మాటల కోసం వెతికాను. మాటలు వెతకడమే నా వృత్తి కాబట్టి ఏదో పని చేస్తున్నాననే అనుకున్నాను.

*

ఆరో తేదీ ఉదయం బుచ్చిరాములు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి రిక్షా పిలిచాడు. "నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం సార్," అన్నాడు. వరాలా తలావ్ దాటే దాకా ఆయనే మాట్లాడాడు. వాన పడుతోంది. అటు ఇటు చూసి, "గాలయ్య గూడ వస్తడు సూడు, సిగ్గులేకుంట," అన్నాడు.

"ఒక మాట చెప్పాలి," అన్నాను.

"చెప్పు సార్."

రిక్షా ఆగింది. ఆఫీసు వచ్చేసింది. దిగి మెట్లెక్కాం.

గుమాస్తా ఒక నడివయసు మరాఠీ ఆవిడ. ఫైలు తెరిచి రెండు కాగితాలు బయటికి తీసింది. వాటిని పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది:

"తక్రార్‌దార్ కోణ్ ఆహే?"

ఫిర్యాదు చేసినవారు ఎవరని. బుచ్చిరాములు తలుపు వైపు చూశాడు, గాలయ్య కోసం.

"మీచ్," అన్నాను. నేనే.

ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి బుచ్చిరాములుకు నా అవసరం లేకపోయింది.

ఆవిడ రెండు కాగితాలనూ నా వైపు తిప్పింది. అక్షరాలు ఒకటే, సిరా ఒకటే. "ఫిర్యాదూ మీరే రాశారు, దానికి జవాబూ మీరే రాశారా, సర్?" అని మరాఠీలో అడిగింది. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకుంది.

అవునన్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నాను. కారణం రాసి ఇమ్మంది. నిలబడే రాశాను: నా పెరటి దడిని పక్కింటివారు పడగొట్టారనుకుని కోపంతో ఈ ఫిర్యాదు చేశాను. దాన్ని ఎవరూ పడగొట్టలేదు. కట్టాల్సిన రోజున నా వైపు నుంచి ఎవరూ కట్టలేదు.

ఆవిడ చదివి, ఫిర్యాదును మళ్లీ చూసింది. "ఇందులో దడి ఎక్కడుంది?"

"లేదు," అన్నాను.

ఆవిడ కాగితం ఫైలులో పెట్టింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు గానీ తీసిన కొలతలు వెనక్కి పోవంది. మనుషులు వచ్చి కొలిచారు, కాలువ మీది భాగం పటంలో ఎక్కింది, పదిహేను రోజుల్లో తీసేయాలి. మిగతా కార్ఖానా జోలికి రారు. అది కూడా మీరు వెనక్కి తీసుకున్నారు కాబట్టే అంది.

ఈ సంగతంతా బుచ్చిరాములుకు తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆయన నా ముఖం వైపు చూడకుండా, ఆవిడ బల్ల మీది పేపర్‌వెయిట్ చూస్తూ విన్నాడు. చివర్న, "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

బయటికి వచ్చి రిక్షా ఎక్కి ఒక్కడే వెళ్లిపోయాడు. నేను నడిచి వచ్చాను.

*

పదిహేను రోజుల గడువు తీరేలోపే రెండు సాంచాలు పోయాయి. విప్పి, ముక్కలుగా టెంపోలో వేసుకుని, భంగార్‌వాళ్లు పాత ఇనుము కింద తీసుకెళ్లారు. అదే సందు, బహుశా అదే టెంపో. నేను పెరట్లో నిలబడి చూశాను. బుచ్చిరాములు ఒక్కసారి ఇటు చూశాడు. దడి ఉంటే ఆ చూపు నాకు కనబడేది కాదు. ఎనిమిది సాంచాల చప్పుడుకూ ఆరు సాంచాల చప్పుడుకూ తేడా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఉంటుంది.

మా ఇంటికి కాగితాలు రావడం తగ్గింది. సంగతి గల్లీ అంతా తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. రేషన్ దుకాణం దగ్గర మాత్రం ఒక ముసలమ్మ నా చేతిలో సంచి చూసి, "సార్, ఈడ గూడ ఎవరి మీదన్న రాస్తున్నవా?" అంది. నలుగురు నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఆగస్టు చివరి శుక్రవారం పొద్దున చంద్రవ్వ సందులోంచి పిలిచింది. "సార్! ఇంట్లున్నవా? సోనాలిని గూడ పిలువు. రేకులు లేపుదాం. మీ దిక్కు మా కోళ్లు వస్తున్నయ్, నాకు వాటెంట తిరుగుడు కాదు."

సోనాలి, నేను రేకులు ఎత్తి నిలబెట్టాం. ఆమె ఒక్కో రేకునూ భుజంతో ఆనించి పట్టుకుంది. మూట విప్పాను. మొదటి పట్టీ కొసను రంధ్రంలోకి తోశాను. అవతల ఎవరో అందుకున్నారు. గుంజకు చుట్టిన చప్పుడు, రెండో రంధ్రంలోంచి కొస బయటికి వచ్చింది. లాగి ముడి వేశాను. ఒకటి. రెండు. మూడో రేకు దగ్గర నేను లాగుతుంటే అవతలి నుంచి కూడా ఎవరో లాగారు. చంద్రవ్వ బలం కాదు అది. రంధ్రంలోంచి వేళ్లు కనిపించాయి; గోళ్ల చుట్టూ సాంచాల నూనె నలుపు.

నేను ఆగిపోయాను.

"ఏం ముడి సార్ గది?" అన్నాడు బుచ్చిరాములు రేకు వెనక నుంచి. "గా రెండు ఇప్పుడే జారుతున్నయ్. ఎవరు నేర్పిన్రు నీకు?"

"ఎవరూ నేర్పలేదు."

"గందుకే. విప్పు. కొస ముందటికెళ్లి కాదు, ఎనకకెళ్లి తీయ్. బొటనవేలు కింద ఉంచు. ఆఁ. గిప్పుడు గుంజు."

నేను జేబులోంచి రాజమణి ముడి తీసి చూసుకున్నాను. అవును, కొస వెనక నుంచే వచ్చింది. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని, రెండూ విప్పి మొదటి నుంచి కట్టాను. ఈసారి చిన్నగా, గట్టిగా వచ్చింది. సోనాలి రేకు పట్టుకుని ఉంది.

చివరి రేకు దగ్గర పట్టీ కొస రాలేదు. ఆయన పట్టుకుని ఆపాడు.

"గాలయ్య దగ్గరికి పోయినవా?"

"లేదు."

"నేను పోను. కాలర్ వట్టింది నేనే, గాని నేను పోను. నువ్వే పోవాలె. నలుగుర్ల వట్టిన, నలుగుర్లనే చెప్పాలె."

"పోతాను."

"ఎప్పుడు?"

"ఇవాళే. ఇది అయ్యాక."

కొస రంధ్రంలోంచి బయటికి వచ్చింది.

"గుంజు," అన్నాడు.